చుక్క చాలు



ఇవాళ నేను చేసిన ఒక పొరపాటుతో మొదలుపెడతాను. విశాఖపట్నంలో జంతుశాస్త్రం చదువుకుంటున్న రోజులవి. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ సందుల్లో నీటి గుంటలు మిగులుతాయి. ఆ గుంటల్లో నల్లటి ముళ్ళబంతుల్లాంటి జీవులు రాతిని కరుచుకుని కూర్చుంటాయి. సీ అర్చిన్లంటారు వాటిని. ముల్లు కాలికి గుచ్చుకుంటే రెండు రోజులు కుంటాల్సిందే. అయినా జీవశాస్త్రం చదివేవాళ్ళకి ఆ ముళ్ళబంతి అంటే మహా ఇష్టం. అది తన గుడ్లనూ వీర్యాన్నీ నీళ్ళలోకే వదిలేస్తుంది కాబట్టి, ఎక్కడో కడుపులో, చీకట్లో జరిగే పని మన ఎదుట గాజు గిన్నెలో జరుగుతుంది. మైక్రోస్కోపు పెట్టుకుని తీరిగ్గా చూడొచ్చు.

పొటాషియం క్లోరైడ్ ద్రావణం కాస్త సూదితో ఎక్కిస్తే నాలుగైదు నిమిషాల్లో ఆడదైతే గుడ్లు వదులుతుంది, మగదైతే వీర్యం. పైకి చూస్తే ఏది ఆడో ఏది మగో తెలియదు, సూది వేశాకే తెలుస్తుంది. ఆడదాన్ని సముద్రపు నీళ్ళున్న బీకరు మీద బోర్లా పెడితే ఐదు రంధ్రాల్లోంచి గుడ్లు సన్నటి ధారలుగా, వేళ్ళ సందుల్లోంచి ముగ్గుపిండి జారినట్టు జారి అడుగున పేరుకుంటాయి. మగది చిక్కటి పాలచుక్కల్లాంటి వీర్యం ఇస్తుంది. ఆ పాలను చిక్కగానే చల్లటి చోట దాచాలి. వాడే ముందు ఒక చుక్క తీసి గిన్నెడు సముద్రపు నీళ్ళలో కలపాలి. ఆ పలచటి నీళ్ళలోంచి మళ్ళీ ఒక్క చుక్క తీసి గుడ్లలో వేయాలి. అంతే పని.

నేనేం చేశానంటే, ఎక్కువ వేస్తే పని బాగా జరుగుతుంది కదా అనుకుని, చిక్కటి పాలే డ్రాపరుతో సగం దాకా పీల్చి గుడ్ల గిన్నెలో వదిలేశాను. పక్కనే గాజుసామాను కడుగుతున్న మా ల్యాబ్ అటెండరు చూశాడు. "ఏటి బాబూ, పాలన్నీ పోసేసినావా? సుక్క సాలు గదా!" అన్నాడు. అని ఊరుకోకుండా, పక్కన ఇంకో గిన్నె పెట్టి తన పద్ధతిలో చుక్క వేసి చూపించాడు.

ముందు ఆయన గిన్నె సంగతి చెబుతాను. మైక్రోస్కోపులో గుడ్డు గుండ్రంగా, మసకగా ఉంది. పరిమాణం మిల్లీమీటరులో పదోవంతు. చుట్టూ వీర్యకణాలు తోకలు ఆడిస్తూ గుచ్చుకుంటున్నాయి. అర నిమిషం గడిచిందో లేదో, గుడ్డు మీద ఒకచోట పల్చటి పొర పైకి లేచింది. నూనెలో వేసిన పూరీ ఒక పక్కన చిన్న బుడగలా లేచి, చూస్తుండగానే మొత్తం పొంగుతుంది చూడండి, అచ్చం అలాగే ఆ పొర ఒక మూల మొదలై గుడ్డు చుట్టూ పాకింది. నిమిషం తిరిగేసరికి గుడ్డు ఒక గాజుబుడగలో కూర్చున్నట్టు ఉంది. బయట మిగిలిన వీర్యకణాలన్నీ ఆ బుడగను ఢీకొడుతున్నాయి, ఒక్కటీ లోపలికి పోవడం లేదు. గంట దాటాక గుడ్డు నిలువునా రెండు కణాలైంది. తర్వాత నాలుగు, తర్వాత ఎనిమిది.

ఇక నా గిన్నె. పొర ఇందులోనూ లేచింది. కానీ గంట దాటాక చూస్తే చాలా గుడ్లు రెండు కాలేదు, ఒకేసారి మూడు, నాలుగు కణాలయ్యాయి. నేను సంబరపడిపోయాను. ఆయన గుడ్ల కంటే నావి రెట్టింపు వేగంగా పెరుగుతున్నాయనుకున్నాను! మర్నాడు పొద్దున్న వచ్చి చూసేసరికి ఆయన గిన్నెలో పిల్లజీవులు గిరగిరా తిరుగుతూ ఈదుతున్నాయి. నా గిన్నె అడుగున ముద్దలు ముద్దలుగా, రూపం లేని మడ్డి మిగిలింది.

నా గుడ్లలోకి రెండేసి వీర్యకణాలు దూరాయి. జరిగింది అదే. ఒక గుడ్డుకి ఒకటే వీర్యకణం ఎందుకు కావాలి, రెండు పోతే వచ్చే నష్టం ఏమిటి, రెండోదాన్ని గుడ్డు ఎలా ఆపుతుంది? ఇవాళ్టి ప్రసంగం దీని గురించే.

నష్టం సంగతి తేల్చినవాడు జర్మనీ శాస్త్రజ్ఞుడు థియోడోర్ బొవేరి. నేను తెలియక చేసిన పనిని ఆయన తెలిసే చేశాడు. ఇటలీలో నేపుల్స్ ఊళ్ళో సముద్రం ఒడ్డున ఒక పరిశోధనాలయం ఉంది, 1872లో ఆంటన్ డోర్న్ స్థాపించాడు. దేశదేశాల జీవశాస్త్రజ్ఞులు అక్కడికి వచ్చి బల్ల అద్దెకు తీసుకుని పనిచేసేవాళ్ళు. బొవేరి అక్కడ సీ అర్చిన్ గుడ్లకి కావాలనే ఎక్కువ వీర్యం కలిపి, రెండేసి కణాలు దూరిన గుడ్లు ఏమవుతున్నాయో ఒక్కొక్కటీ వెంటాడి చూశాడు. ఆయన ఫలితాలు 1902లో వెలువడ్డాయి.

ఆయన లెక్కని మనం బడి పుస్తకాలతో చెప్పుకుందాం. ఆయన పరిశీలించిన సీ అర్చిన్‌లో తల్లి వైపు నుంచి 18 క్రోమోజోములు, తండ్రి వైపు నుంచి 18. అంటే ఒక్కొక్క సెట్టులో 18 రకాల పుస్తకాలు, మొత్తం రెండు సెట్లు, 36 పుస్తకాలు. కణం రెండుగా చీలే ముందు ప్రతి పుస్తకానికీ ఒక నకలు తీస్తుంది. పిల్ల కణాలు రెండింటికీ రెండేసి పూర్తి సెట్లు అందుతాయి. వీటిని పంచడానికి ఒక మనిషి కావాలి కదా? ఆ పంచేవాణ్ణి సెంట్రోసోమ్ అంటారు. దాన్ని తెచ్చేది వీర్యకణమే. లోపలికి వచ్చాక అది రెండవుతుంది, ఆ రెండూ చెరో కొసకీ చేరి, పుస్తకాలని తమ వైపు లాక్కుంటాయి. ఇద్దరు పంచేవాళ్ళు, రెండు వాటాలు. లెక్క సరిగ్గా సరిపోతుంది.

రెండు వీర్యకణాలు వచ్చాయనుకోండి. మూడు సెట్లు, 54 పుస్తకాలు. నకళ్ళు తీస్తే 108. ఇక్కడిదాకా పెద్ద ప్రమాదం లేదు, పుస్తకాలు ఎక్కువైతే ఏం పోయింది? కానీ పంచేవాళ్ళు కూడా రెట్టింపు అయ్యారు. నలుగురు నాలుగు మూలలా నిలబడి ఎవరికి దొరికింది వాళ్ళు లాగుతారు. సగటున తలా 27 వస్తాయి. ఏ 27 అన్నది ఎవరి చేతుల్లోనూ లేదు. ఒక పిల్లవాడికి తెలుగు వాచకాలు మూడు వచ్చి లెక్కల పుస్తకం ఒక్కటీ రాలేదు. ఇంకొకడికి లెక్కల పుస్తకాలు మూడున్నాయి, సైన్సు లేదు. నా గిన్నెలో నాలుగు కణాలుగా చీలిన గుడ్లు అలాంటి నలుగురు పిల్లలే.

బొవేరి ఇంకో అడుగు వేశాడు. నాలుగు కణాలుగా చీలిన గుడ్డును కాల్షియం లేని సముద్రపు నీళ్ళలో పెట్టి, ఆ నాలుగింటినీ విడదీశాడు. ఒకే గుడ్డులోంచి వచ్చిన నాలుగు ముక్కలు నాలుగు రకాలుగా పెరిగాయి. ఒకటి కొంతదూరం వెళ్ళి ఆగింది, ఒకటి ముందే చచ్చింది, ఇంకొకటి మరో విధంగా వంకర తిరిగింది. నాలుగుగా చీలిన గుడ్ల కంటే మూడుగా చీలినవి కాస్త మెరుగ్గా పెరిగాయి. మూడు వాటాలైతే ఒక్కొక్కరికి పూర్తి సెట్టు దొరికే అవకాశం ఎక్కువ కదా, అదీ కారణం. దీన్నిబట్టి ఆయన చెప్పింది ఇది: ఎన్ని క్రోమోజోములు ఉన్నాయన్నది ముఖ్యం కాదు, అన్ని రకాలూ ఉన్నాయా అన్నది ముఖ్యం, ఎందుకంటే ఒక్కొక్క క్రోమోజోము చేసే పని వేరు. ఇవాళ ఇంటర్ పిల్లలు కూడా చెప్పే మాటే ఇది. 1902లో మాత్రం క్రోమోజోములన్నీ ఒకే రకమా, వేరువేరా అన్నది ఎవరూ తేల్చలేదు. డీఎన్ఏ మాటే ఎవరూ ఎత్తని కాలంలో, చెడిపోయిన గుడ్లను లెక్కపెట్టి ఆయన దీన్ని తేల్చాడు. నాకు మడ్డి కనబడిన చోట ఆయనకు లెక్క కనబడింది.

1914లో బొవేరి ఒక చిన్న పుస్తకం రాశాడు, ప్రాణం తీసే కణుతులు ఎలా పుడతాయన్న దాని మీద. క్రోమోజోముల పంపకం తప్పిన కణమే క్యాన్సరుకు మొదలు కావచ్చునన్నాడు. మరుసటి ఏడాదే చనిపోయాడు. ఆయన భార్య మార్సెల్లా అమెరికా నుంచి వచ్చిన జీవశాస్త్రజ్ఞురాలు, ఆయన పనిలో పాలుపంచుకున్న మనిషి. ఆ పుస్తకాన్ని 1929లో ఇంగ్లీషులోకి తెచ్చింది ఆమే.

సరే, రెండోది వస్తే కొంప మునుగుతుందని గుడ్డుకి "తెలుసు" అనుకుందాం. మరి ఎలా ఆపుతుంది?

వీర్యకణం గుడ్డులోకి దూరడాన్ని మొదటిసారి కళ్ళారా చూసినవాడు హెర్మన్ ఫోల్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు. 1877లో ఇటలీ తీరాన నక్షత్రచేప గుడ్లలో చూశాడు. పొర పొంగడమూ చూశాడు, అది మిగతావాటిని అడ్డుకునే తలుపు అని గుర్తించాడు. ఈ ఫోల్ 1892లో తన పడవలో సముద్రం మీదికి వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. జీవితమంతా సముద్రపు గుడ్లు చూసినవాణ్ణి సముద్రమే ఉంచేసుకుంది.

అయితే ఫోల్ చెప్పిన తలుపుతో ఒక చిక్కుంది. పూరీ పొంగడానికి టైము పడుతుంది. పొర లేవడం మొదలవడానికే పాతిక ముప్ఫై సెకన్లు, పూర్తిగా మూసుకోవడానికి నిమిషం. ఆ నిమిషంలో గుడ్డు చుట్టూ వందల వీర్యకణాలు గుచ్చుకుంటూనే ఉన్నాయి. మరి అవెందుకు దూరడం లేదు? తలుపు మూసేలోపు గుమ్మం దగ్గర కాపలా ఎవరు?

దీన్ని శ్రద్ధగా పట్టుకున్నవాడు ఎర్నెస్ట్ ఎవరెట్ జస్ట్. అమెరికా నల్లజాతి మనిషి. 1883లో సౌత్ కరోలినాలో పుట్టాడు. అట్లాంటిక్ తీరంలో ఉడ్స్ హోల్ అనే చోట సముద్రజీవుల పరిశోధనాలయంలో దాదాపు ఇరవై వేసవులు గుడ్లతోనే గడిపాడు. 1919లో ఆయన రాసినదాంట్లో ఒక మాట ఉంది. వీర్యకణం తగలగానే, పొర పొంగకముందే, గుడ్డు పైభాగం మీద ఒక అలలాంటి మార్పు సాగిపోతుంది, ఆ అల దాటిన చోట ఇక ఏ వీర్యకణమూ దూరలేదు అన్నాడు. ఆయన దగ్గర విద్యుత్తు కొలిచే సూదుల్లేవు. వట్టి కన్ను, మైక్రోస్కోపు, విపరీతమైన ఓపిక. గుడ్లని ఎలా కడగాలి, నీళ్ళు ఎంత శుభ్రంగా ఉండాలి, వీర్యం ఎంత పలచన చేయాలి అన్నదాని మీద ఆయన ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. మా అటెండరూ ఆయనా కలిసి ఉంటే గంటల తరబడి మాట్లాడుకునేవాళ్ళేమో అనిపిస్తుంది నాకు. తెల్లవాళ్ళ విశ్వవిద్యాలయాలు ఆయనకు ఉద్యోగం ఇవ్వలేదు. నల్లవాళ్ళ కోసం నడిచిన హోవర్డ్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ, తీరిక దొరికినప్పుడల్లా పరిశోధన చేసుకుంటూ, చివరికి విసిగి యూరప్ వెళ్ళిపోయాడు. 1940లో ఫ్రాన్సులో జర్మన్ల చేతికి చిక్కి, బయటపడి స్వదేశం చేరి, మరుసటి ఏడాది చనిపోయాడు. కణానికి పైపొర వట్టి సంచి కాదు, అసలు పని చాలావరకు అక్కడే జరుగుతుందని ఆయన జీవితమంతా వాదించాడు.

జస్ట్ చూసిన ఆ మొదటి తలుపు విద్యుత్తు తలుపు అని 1976లో లారిండా జాఫే అనే శాస్త్రజ్ఞురాలు రుజువు చేశారు. గుడ్డుకి లోపలా బయటా విద్యుత్తులో తేడా ఉంటుంది. సీ అర్చిన్ గుడ్డు లోపల సుమారు మైనస్ 70 మిల్లీవోల్టులు. మన టార్చిలైటు సెల్లులో ఉండేదానికి ఇరవయ్యో వంతు. మొదటి వీర్యకణం తగలగానే బయటి సోడియం లోపలికి దూసుకొస్తుంది, ఒకటి రెండు సెకన్లలో ఆ మైనస్ కాస్తా ప్లస్ 20కి మారిపోతుంది. ప్లస్‌లో ఉన్న గుడ్డుతో వీర్యకణం కలవలేదు. అంటుకుంటుంది, తోక ఆడిస్తుంది, లోపలికి మాత్రం పోలేదు. జాఫే ఏం చేశారంటే, అసలు వీర్యమే తగలని గుడ్డులో సన్నటి సూది గుచ్చి, బయటి కరెంటుతో దాన్ని ప్లస్‌లో నిలబెట్టి, అప్పుడు వీర్యం వదిలారు. అన్నీ వచ్చి అంటుకున్నాయి, ఒక్కటీ దూరలేదు. కరెంటు ఆపగానే దూరింది. ఇంతకంటే స్పష్టమైన రుజువు ఏం కావాలి?

ఈ కరెంటు కాపలా ఉండేది ఒక నిమిషమే. ఈలోపు రెండో తలుపు, ఫోల్ చూసిన తలుపు, సిద్ధం కావాలి. గుడ్డు పైపొర కిందే సుమారు 15,000 చిన్న పొట్లాలు వరసగా అంటుకుని ఉంటాయి. వీర్యకణం దూరిన చోట గుడ్డులో దాచుకున్న కాల్షియం విడుదలవుతుంది. చెరువులో రాయి వేస్తే అల పాకినట్టు అది గుడ్డు ఈ కొస నుంచి ఆ కొసకి అర నిమిషంలో పాకుతుంది. అల తగిలిన చోటల్లా పొట్లాలు పగిలి, సరుకు బయటికి ఒలుకుతుంది. ఆ సరుకులో రకరకాలున్నాయి. కొన్ని, గుడ్డుకీ పైనున్న పల్చటి పొరకీ మధ్య ఉన్న కట్లు తెంపేస్తాయి. కొన్ని చక్కెర జాతి పదార్థాలు, నీళ్ళను లోపలికి పీల్చి పొరను పొంగిస్తాయి. ఇంకొకటుంది, అది నాకు భలే నచ్చుతుంది. పుండు కడగడానికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడు తెలుసు కదా, గుడ్డు దాన్ని అప్పటికప్పుడు తనే తయారు చేసుకుంటుంది, దాని సాయంతో ఆ పొరలోని ప్రొటీన్లని ఒకదానికొకటి కుట్టేస్తుంది. మెత్తటి పూరీ అప్పడంలా గట్టిపడుతుంది. ఇక దాన్ని చీల్చడం ఎవరి తరమూ కాదు, లోపల పెరిగిన పిల్ల తనే పొరను కరిగించుకుని బయటపడే దాకా.

మరి ఇంత కాపలా ఉండగా నా గిన్నెలో రెండేసి ఎలా దూరాయి? కరెంటు మారడానికి పట్టే ఆ క్షణకాలమే సందు. సముద్రంలో వీర్యం పలచబడి ఉంటుంది, ఒకదాని వెనక ఒకటి కాస్త తేడాతో వస్తాయి. నేను చిక్కటి పాలు పోశాను. ఇద్దరు ఒకేసారి గుమ్మంలో కాలు పెడితే కాపలావాడు ఎవర్ని ఆపుతాడు?

అన్ని జీవులకీ ఇవే తలుపులనుకునేరు. చేపల పద్ధతి చూడండి. కొల్లేరు చుట్టుపక్కల చేపపిల్లల హేచరీల్లో తల్లి చేప పొట్ట నిమిరి గుడ్లు తీయడం మీలో కొందరు చూసే ఉంటారు. తడి తగలని పళ్ళెంలోకి గుడ్లు తీస్తారు. మగచేప పాలు దాని మీద పిండుతారు. కోడి ఈకతో మెల్లగా కలుపుతారు. నీళ్ళు ఆ తర్వాతే పోస్తారు. ఈ వరసకి కారణం ఉంది. చేప గుడ్డుకి మందమైన పెంకులాంటి పొర ఉంటుంది, అందులో ఒకే ఒక్క సన్నటి కంత. ఒక వీర్యకణం తల మాత్రమే పట్టేంత. నీళ్ళు తగలగానే వీర్యకణాలు కదలడం మొదలుపెట్టి ఒకటి రెండు నిమిషాల్లో అలసిపోతాయి, ఆ కంత కూడా త్వరలోనే పనికిరాకుండా పోతుంది. అందుకే ముందు కలిపి, తర్వాత నీళ్ళు. ఒకటి దూరాక గుడ్డు నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. బొచ్చె, రోహు గుడ్లు ఉడికిన సగ్గుబియ్యంలా తేటగా అవుతాయి. ఫలదీకరణ జరగనివి తెల్లగా మసకబారిపోతాయి. హేచరీ వాళ్ళు పళ్ళెం వంక ఒక్కసారి చూసి ఎంత శాతం నిలిచిందో చెప్పేస్తారు.

ఇంట్లోనే చూడదగ్గది కోడిగుడ్డు. దుకాణంలో కొనే గుడ్డు పనికిరాదు, లేయర్ ఫారాల్లో పుంజే ఉండదు కాబట్టి. పుంజుతో తిరిగే నాటుపెట్ట గుడ్డు ఒకటి తెప్పించి, జాగ్రత్తగా పళ్ళెంలోకి కొట్టండి. పచ్చసొన మీద మినపగింజంత తెల్లటి మచ్చ కనబడుతుంది, కనబడకపోతే పళ్ళెం కాస్త వంచి సొనను దొర్లించండి. మచ్చ చుట్టూ ఉంగరంలా తేట వలయం ఉంటే అది పొదిగితే పిల్లయ్యే గుడ్డు. వలయం లేకుండా చిన్న చుక్క చెదిరినట్టు ఉంటే వట్టి గుడ్డు. ఆ మచ్చే అసలు గుడ్డు, మిగతా సొనంతా పిల్లకి సద్దిమూట.

ఇప్పటిదాకా నేను చెప్పిందంతా ఈ మచ్చ దగ్గర తలకిందులవుతుంది. ఈ మచ్చలోకి ఒక్క వీర్యకణం కాదు, చాలా దూరుతాయి. దూరిన చోటల్లా పొరలో చిన్న కంతలు పడతాయి, మైక్రోస్కోపు కింద వాటిని లెక్కపెట్టొచ్చు. కోడి వాటిని ఆపదు. లోపలికి రానిస్తుంది. వచ్చినవాటిలో ఒక్కటే తల్లి కేంద్రకంతో కలుస్తుంది. మిగతావాటిని మచ్చ అంచుకి నెట్టేసి, అక్కడే నశింపజేస్తుంది. 2015లో ఇంగ్లండు పరిశోధకులు చూపిందేమిటంటే, కోడిగుడ్డులోకి మరీ తక్కువ వీర్యకణాలు దూరితే పిండం బతికే అవకాశమే తగ్గిపోతుందట. అంత పెద్ద గుడ్డును నిద్ర లేపడానికి ఒక్కడి కేక చాలదన్నది ఒక వివరణ. సీ అర్చిన్ తలుపు దగ్గర ఆపుతుంది, కోడి ఇంట్లోకి పిలిచి పీట మాత్రం ఒక్కడికే వేస్తుంది. లెక్క రెండు చోట్లా ఒకటే. ఒక తల్లి సెట్టు, ఒక తండ్రి సెట్టు.

మరి మనం? ఈమధ్య వ్యక్తిత్వ వికాసం ఉపన్యాసాల్లో ఒక మాట తెగ వినబడుతోంది. "నువ్వు పుట్టకముందే కోట్లమందిని ఓడించి గెలిచావు" అని. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ కథలో గుడ్డు ఎక్కడో గీత దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ బహుమతి కప్పులా ఉంటుంది. అది తప్పు. బయల్దేరిన కోట్లలో గుడ్డు దాకా చేరేవి కొన్ని వందలే, ఆ వడపోత చేసేది తల్లి శరీరం. చేరినవాటిలో ఒకటి కలిశాక పరుగు ఆపించేది గుడ్డు. కష్టమంతా ఆమెది, కప్పు మాత్రం ఆయనకి.

మనిషి గుడ్డులో సీ అర్చిన్‌ది లాంటి కరెంటు తలుపు కనబడలేదు. ఇక్కడ రెండు వేరే తలుపులున్నాయి. గుడ్డు చుట్టూ జోనా అనే మందమైన జిగురుపొర ఉంటుంది. మొదటిది దూరగానే ఇక్కడా కాల్షియం అల వస్తుంది, పొట్లాలు పగులుతాయి, వాటి సరుకు జోనాలోని ఒక ప్రొటీన్‌ని కత్తిరిస్తుంది. వీర్యకణాలు పట్టుకునే పిడి అదే. ఇక పట్టు దొరకదు. రెండోది గుడ్డు ఒంటి మీదే ఉంది. వీర్యకణం మీద ఇజుమో అనే ప్రొటీన్ ఉందని 2005లో జపాన్ శాస్త్రజ్ఞులు కనిపెట్టి, తమ దేశంలో పెళ్ళిళ్ళకి పేరుపడ్డ ఒక గుడి పేరు దానికి పెట్టారు. గుడ్డు మీద దానికి జోడీ ఏమిటో 2014లో ఇంగ్లండులో తేలింది. కనిపెట్టినవాళ్ళు దానికి రోమన్ల పెళ్ళి దేవత పేరు పెట్టారు, జూనో అని. ఈ రెండూ చేతులు కలిపితేనే కణాలు కలుస్తాయి. చిత్రమేమిటంటే, ఒకటి దూరిన ముప్పావు గంటలోపు గుడ్డు తన ఒంటి మీది జూనోనంతా విదిలించేసుకుంటుంది. ఆ తర్వాత ఎవరొచ్చినా చెయ్యి అందించడానికి ఎవరూ ఉండరు.

అయినా అప్పుడప్పుడు తప్పుతుంది. టెస్ట్‌ట్యూబ్ పద్ధతిలో వీర్యం కలిపిన మర్నాడు, పదహారు పద్దెనిమిది గంటల తర్వాత, ల్యాబులో గుడ్డును చూస్తారు. లోపల రెండు చిన్న గుండ్రాలు పక్కపక్కన ఉంటే సంతోషం. మూడుంటే ఆ గుడ్డును పక్కన పెట్టేస్తారు. కడుపులోనే ఇలా జరిగితే 69 క్రోమోజోముల పిండం వస్తుంది, దాదాపు అన్నీ మొదటి నెలల్లోనే పోతాయి. మన వైపు ముత్యాల గర్భం అంటారే, పిండం సరిగా పెరగకుండా మాయ ద్రాక్షగుత్తిలా బుడగలు కట్టడం, అందులో ఒక రకానికి ఎక్కువసార్లు కారణం ఇదే. ఒక గుడ్డు, రెండు వీర్యకణాలు. అలాంటి గర్భం పోయిన అమ్మాయిని "ఏం తిన్నావు, ఏం బరువులెత్తావు" అని ఇంట్లో నిలదీయడం నేను విన్నాను. ఒక క్షణకాలం లెక్క తప్పింది, అంతే. అప్పటికి ఆ అమ్మాయికి తాను గర్భవతినని కూడా తెలియదు.

ఇంకో అపోహ కూడా ఉంది, రెండు దూరితే కవలలు పుడతారని. పుట్టరు. ఒకే పోలిక కవలలు ఒక గుడ్డు, ఒక వీర్యకణం కలిశాక చీలినవాళ్ళు. వేరు పోలిక కవలలు రెండు గుడ్లవాళ్ళు. కానీ లోకంలో మినహాయింపు లేనిదేముంది? ఆస్ట్రేలియాలో ఒక తల్లికి ఆరో వారం స్కానింగులో ఒకే మాయ కనబడి, ఒకే పోలిక కవలలన్నారు. పద్నాలుగో వారం చూస్తే ఒకరు ఆడ, ఒకరు మగ! ఒకే పోలిక కవలల్లో అలా జరగకూడదు. పరీక్షిస్తే తల్లి వైపు ఇద్దరూ ఒకటే, తండ్రి వైపు మాత్రం పూర్తిగా కలవలేదు. ఒక గుడ్డులోకి రెండు వీర్యకణాలు దూరి, మూడు సెట్లూ ఎలాగో సర్దుకుని ఇద్దరు పిల్లలయ్యారు. 2019లో వైద్య పత్రికలో ఇది వచ్చింది. అలాంటిది అంతకుముందు అమెరికాలో 2007లో ఒక్కసారే నమోదైంది.

చివరగా ఒక జీవి గురించి చెప్పి సెలవు తీసుకుంటాను. మధ్యధరా సముద్రంలో బెరోయి అనే జీవి ఉంది. జెల్లీచేపలా పారదర్శకంగా ఉంటుంది. దాని గుడ్డు మిల్లీమీటరు పెద్దది, గాజులా తేట. ఫ్రాన్సు తీరంలో విల్‌ఫ్రాంష్ అనే ఊళ్ళో డానియల్ కారే, క్రిస్టియన్ సార్దే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1984లో దాని సంగతి రాశారు. ఈ గుడ్డులోకి ఒకటి కంటే ఎక్కువ వీర్యకణాలు దూరిపోతాయి. దూరినవి దూరిన చోటే, పొర అంచున, ఎవరి స్థానంలో వాళ్ళు కదలకుండా కూర్చుంటాయి. కదిలేది తల్లి కేంద్రకం. పొర కిందుగా మెల్లగా జరుగుతూ ఒకదాని దగ్గరికి వెళ్తుంది. పక్కనే ఆగుతుంది. ఇక కలిసిపోతుందని మైక్రోస్కోపు దగ్గర మనిషి ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఒక్కోసారి వెనక్కి తిరిగి ఇంకోదాని వైపు బయల్దేరుతుంది. అక్కడా కాసేపు నిలబడుతుంది. మన పురాణాల్లో దండ పట్టుకుని రాజుల వరస ముందు నడిచిన రాకుమార్తెలు జ్ఞాపకం వస్తారు. ఈమెకు చెలికత్తె లేదు, పరిచయం చేసే వంది లేడు. మిల్లీమీటరు వెడల్పు సభలో తనే నడుస్తుంది, ఆగుతుంది, దాటిపోతుంది, ఒక్కోసారి ముందు వదిలేసిన వాడి దగ్గరికే తిరిగి వస్తుంది. అప్పుడు రెండు కేంద్రకాలూ ఒకటవుతాయి. మిగతావి కూర్చున్నచోటే కరిగిపోతాయి.